రోండా వేసిన పిటిషను

ఆ లోయలో కన్నతండ్రి ఇంటికి తలుపు తట్టి వెళ్లే అలవాటు ఎవరికీ లేదు. తను నడిపే బడి బస్సు ఉదయం ట్రిప్పు ముగించుకుని, బంగాళాదుంపల సూపు గిన్నె రెండు చేతులా పట్టుకుని, రోండా కాలితో తలుపు నెట్టుకుంటూ లోపలికొచ్చింది. వంటింట్లో తండ్రి వెండెల్ లేడు. పడకగది తలుపు తెరిచి ఉంటే తొంగి చూసింది. చూశాక చేతిలో గిన్నె ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు.

అమ్మ పడుకునే మంచం మీద ఎనిమిది రైఫిళ్లు వరసగా ఉన్నాయి. ఒక్కో గొట్టానికి ఒక్కో పసుపు రంగు బిళ్ల. దూడల చెవులకు తగిలిస్తారే, ఆ బిళ్లలు. వాటి మీద నల్ల సిరాతో పేర్లు. చిన్నాన్న కొడుకుల పేర్లు, పక్క పశువుల క్షేత్రం మావిస్ గారి కొడుకు పేరు, ఇంకెవరెవరివో. అక్షరాలు పెద్దవిగా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, వణికే చెయ్యి రాసినట్టు ఉన్నాయి. కిటికీ పక్కనున్నది ముత్తాత రైఫిలు. దాని బిళ్ల మీద 'రోండా' అని ఉంది.

కొట్టంలోంచి వస్తూ వెండెల్ కూతురి అలికిడి విన్నాడు.

"ఎవరు రమ్మన్నారు నిన్ను ఆ గదిలోకి?"

"ఇదేంటి నాన్నా?"

"కనపడట్లేదా? తుపాకులు."

"నా పేరెందుకు రాశావు?"

"రాస్తే రాశాను. నవంబర్లో తెలుస్తుందిలే. సూపు తెచ్చావా? ఈసారైనా ఉప్పేశావా, లేకపోతే మీ అత్తగారి దగ్గర నేర్చుకున్న వంటేనా?"

ఆ వేళాకోళానికి మరొకరైతే నవ్వేవారే. రోండా నవ్వలేకపోయింది.

ఎందుకంటే ఎనిమిదేళ్ల క్రితం తమ్ముడు ట్రాయ్ కూడా ఇలాగే వేళాకోళమాడాడు. ఒక సాయంత్రం తన జీను భుజాన వేసుకొచ్చి ఆమె వసారాలో దించాడు. "అక్కా, స్వారీ విసుగొచ్చింది. నువ్వుంచుకో" అన్నాడు. చేత్తో కుట్టిన జీను, వాడు ప్రాణంలా చూసుకున్నది. రోండా మురిసిపోయింది. "ఒరేయ్, మళ్లీ వచ్చి అడిగితే ఇచ్చేది లేదు" అంది. అక్కాతమ్ముళ్లు పగలబడి నవ్వుకున్నారు. రెండు రోజుల తర్వాత పశువులకు గడ్డి తోలే దారిలో, పికప్‌ బండిలో వాడు శవమై దొరికాడు. పక్కన తండ్రి రైఫిలు. వయసు ముప్పై ఒకటి. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే తల్లి అరిజోనాలో చెల్లెలి ఇంటికని వెళ్లి, ఇక తిరిగి రాలేదు.

జీను సంగతి రోండా ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? చచ్చిపోబోయేవాడు ప్రాణంలాంటి వస్తువు తెచ్చి చేతిలో పెడితే, వాడి మొహంలోకి చూడకుండా జీను చూసి మురిసిన మనిషి ఆమె. ఎనిమిదేళ్లుగా ఆ ముల్లు గుండెలో అలాగే ఉంది.

ఇప్పుడు తండ్రి వస్తువులు పంచుతున్నాడు. పోయిన నెల పన్నెండేళ్లు పెంచిన కుక్కని మావిస్‌కి ఇచ్చేశాడు. ఎందుకు నాన్నా అంటే "ఇక నాకు మిగిలిందేముంది, దానికైనా మంచి ఇల్లు దొరకనీ" అన్నాడు. మనిషి చిక్కిపోయాడు. తెచ్చిన గిన్నెలు తెచ్చినట్టే ఫ్రిజ్‌లో ఉంటున్నాయి. ఒకసారి చేతులు కాల్చుకున్న మనిషి, రెండోసారి మంట కనపడితే ఆకులు వెతుక్కుంటూ కూర్చుంటుందా? కూర్చోదు. రోండా అటునుంచి అటే కౌంటీ కోర్టుకు బండి తిప్పింది.

ఆ చట్టం సంగతి ఆమెకు తెలుసు. తెలియనివాళ్లు ఎవరు? మనిషి తనకో ఇతరులకో ప్రమాదమని ఇంట్లోవాళ్లు ప్రమాణం చేసి చెబితే, కోర్టు అతని తుపాకులు తీయించి కొన్నాళ్లు దాచి ఉంచుతుంది. రాజధానిలో ఆ చట్టం వచ్చిన రోజు నుంచి ఈ కొండ కౌంటీలో దాని పేరెత్తితే చాలు, నోటి దగ్గర ముద్ద లాగేసినట్టు మండిపడతారు. నేరం లేదు, సాక్ష్యం లేదు, మనిషినైనా అడగరు, ఇంటి మీదకొచ్చేస్తారు, ఇదెక్కడి న్యాయమని. కౌంటీ పోలీసు పెద్ద, షెరీఫ్, ఆ మాట మీదే ఎన్నిక గెలిచాడు. రోండా కూడా ఆయనకే ఓటేసింది.

గుమాస్తా ఇచ్చిన కాగితంలో 'ఆ వ్యక్తితో మీ సంబంధం' అన్న చోట 'కూతురు' అని రాసేటప్పుడు చెయ్యి ఆగింది. అయినా రాసింది. మధ్యాహ్నం జడ్జి ఫోన్లోకి వచ్చింది. గట్టి గొంతు, ఓపిక గల మనిషి.

"చనిపోతానని మీతో ఎప్పుడైనా అన్నారా?"

"అనలేదండీ. మా నాన్న అలాంటివి అనరు."

"తాగుతారా?"

"చుక్క ముట్టరు."

"మరి మీ భయమేంటి?"

రోండా బిళ్లల సంగతి, కుక్క సంగతి, తమ్ముడి చావు సంగతి చెప్పింది. జీను ఊసు ఎత్తలేకపోయింది. అవతల జడ్జి ఏదో రాసుకుంటున్న చప్పుడు వినపడింది.

"తాత్కాలిక ఉత్తర్వు ఇస్తున్నాను. పద్నాలుగు రోజుల్లోపు పూర్తి విచారణ ఉంటుంది."

"అమ్మా, ఆయన్ని ఒకసారి పిలిచి అడగరా?"

"అప్పుడు అడుగుతాం. ముందే కబురు పెట్టి, ఈలోపు ఆయనకేమైనా అయితే మీరు నన్ను క్షమిస్తారా?"

ఫోన్లో మాటలన్నీ కలిపి పదకొండు నిమిషాలు పట్టింది. గొడ్లు దొంగిలించినవాడికైనా ఎదురుగా నిలబడి నేను చేయలేదు అనే వీలుంటుంది కదా అని రోండాకి అనిపించింది. ఆ ఆలోచన వచ్చినా పిటిషను వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఉదయం షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీ లైల్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. లైల్ ట్రాయ్‌తో కలిసి చదువుకున్నవాడు. చిన్నప్పుడు వారంలో నాలుగు రోజులు ఆ వంటింటి బల్ల దగ్గరే తిన్నవాడు. రోండాని రావద్దన్నాడు గానీ ఆమె ఆగలేక కొట్టం గోడ పక్కన నిలబడింది. వంటింటి కిటికీ తెరిచే ఉంది. అన్నీ వినపడ్డాయి.

"ఆ చొక్కా ఏంట్రా లైల్?"

"తూటా తగలకుండా వేసుకునేదండీ. రూలు, వెండెల్ గారూ."

"నేను నిన్ను కాలుస్తానని రాసుందా రూల్లో?"

కాగితం బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"చదువు" అన్నాడు వెండెల్.

"మీరే చూసుకోవచ్చండీ, ఇదుగో..."

"నిన్నే చదవమన్నాను. తెచ్చినవాడివి, చదవలేవా?"

లైల్ చదివాడు. మధ్యలో ఒక చోట ఆగాడు.

"ఆగావేం?"

"పిటిషనరు... వెండెల్ గారూ, ఇది వదిలేద్దాం."

"చదవరా."

"పిటిషనరు, రోండా. సంబంధం, కూతురు."

వెండెల్ గొంతు మళ్లీ వినపడినప్పుడు అది నీరసంగా ఉంది. "పడకగదిలో ఉన్నాయి. కిటికీ పక్కది మా తాతది. కర్ర పగిలి ఉంది, మెల్లగా పట్టుకోండి." తుపాకులన్నీ దుప్పట్లలో చుట్టి బండిలోకి చేరుస్తుంటే ఆయన మేజోళ్లతోనే బయటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రోండా ముందుకొచ్చింది. ఆయన తల కొంచెం పక్కకు తిప్పి, ఆమెని కాక గోడని చూస్తున్నట్టు చూశాడు. నా మొహం చూడ్డం కూడా ఇష్టం లేదు కాబోలు అనుకుంది రోండా.

చిన్న ఊళ్లో వార్తకు కాళ్లు అక్కర్లేదు. పెట్రోలు బంకు దగ్గర ఒకాయన "ఏమ్మా రోండా, రేపు నా మీద కూడా రాసిస్తావా? మా ఆవిడ అడిగి రమ్మంది" అని అందర్నీ నవ్వించాడు. రెండు ఇళ్లవాళ్లు పిల్లల్ని ఆమె బస్సు ఎక్కించడం మానేశారు. అవన్నీ రోండా భరించింది. ప్రాణం దక్కితే చాలు, పరువు సంగతి తర్వాత అనుకుంది.

ఆరో రోజున మావిస్ బస్సుల షెడ్డుకు వచ్చింది. ఎనభై దాటిన మనిషి, నోట్లో సిగరెట్టు, పికప్ వెనక వెండెల్ కుక్క.

"ఏమే, నీకు బుద్ధుందా?" అంది దిగీ దిగకుండానే. "బిళ్లలు చూసి కోర్టుకెక్కావంటగా!"

"మీకు తెలీదు మావిస్ గారూ. ట్రాయ్..."

"ట్రాయ్ సంగతి నాకు తెలుసు. ఈ సంగతే నీకు తెలీదు. చూపు పోతున్న వేటగాడు ఏం చేస్తాడో మీ ఇంట్లో నీకెవరూ చెప్పలేదా?"

"చూపు పోవడమేంటి?"

మావిస్ సిగరెట్టు కింద పడేసి బూటుతో నలిపింది. అప్పుడు మెల్లగా చెప్పింది. వెండెల్ కంటి మధ్యలో మచ్చ. కుడికన్ను ఎప్పుడో పోయింది, ఎడమది వసంతం దాకా ఉంటే గొప్ప. ఎదురుగా ఉన్నది కనపడదు, పక్కకు తిరిగితే అంచులు కాస్త కనపడతాయి. కుక్క కాళ్లకు అడ్డం వస్తే రెండుసార్లు పడ్డాడు, అందుకే ఇచ్చేశాడు. ఇక బిళ్లల సంగతంటావా, కన్నో చెయ్యో పోయే వేటగాడు ఏటా నవంబర్లో వేసే వేట శిబిరానికి చివరిసారి వెళ్లినప్పుడు, డేరాలో అందరి ముందూ, తుపాకులు ఒక్కొక్కటే తన చేత్తో పంచుతాడు. పంచేటప్పుడు దాని కథ చెబుతాడు. ఎవరు మోశారు, ఏ కొండెక్కింది, ఎక్కడ గురి తప్పింది అన్నీ. అందుకున్నవాడు అది వింటూ బిళ్ల తెంపి జేబులో వేసుకుంటాడు. ఆ కథతోనే తుపాకీ చేతులు మారుతుంది.

"మా ఆయనకి వాళ్ల నాన్న అలాగే ఇచ్చాడు. మీ తాత కూడా అలాగే ఇచ్చాడు. శిబిరంలోకి ఆడవాళ్లని ఎప్పుడు రానిచ్చారే, నీకు తెలియడానికి? చొక్కాలు ఉతకడానికి తప్ప మనం దేనికి పనికొచ్చాం?"

"మరి నా పేరు..."

"అదే కదా నేను మొత్తుకునేది! ఈ ఏడు నిన్ను శిబిరానికి తీసుకెళ్తానని మా వాడితో చెప్పాడు. వాళ్లు గొణిగితే, వినేవాళ్లు వినండి, లేనివాళ్లు డేరా బయట పడుకోండి అన్నాడంట. మీ వంశంలో ఆడపిల్ల చేతికి తుపాకీ ఇవ్వడం ఇదే మొదలు."

రోండా బస్సు మెట్టు మీద కూర్చుంది. గోడని చూస్తున్నట్టు చూసిన ఆ చూపు గుర్తొచ్చింది. పాపం, ఆమెని చూడ్డానికే కదా ఆ మనిషి తల తిప్పింది! లైల్ చేత చదివించుకున్నది పొగరుతో కాదు, అక్షరాలు కనపడక.

ఆ మధ్యాహ్నమే పరుగెత్తుకుని వెళ్లింది. జాలీ తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది. ఆ ఇంటికి గడియ ఉందన్న సంగతే ఆమెకు అప్పుడు తెలిసింది.

"నాన్నా, తలుపు తియ్యి. నాకు తెలీదు నాన్నా, మావిస్ గారు ఇప్పుడే చెప్పారు."

"పద్నాలుగు రోజులు ఆగు" అన్నాడు లోపల్నుంచి. "నన్నూ అంతే ఆగమన్నారుగా."

"వస్తూ లైల్‌ని అడిగితే ఒక దారి చెప్పాడు. నువ్వు సంతకం పెడితే, ఎవరికి రాసింది వాళ్లకి షెరీఫ్ ఆఫీసులో ఇచ్చేస్తారంట."

"ఎక్కడ? ఆ గాజు కిటికీ దగ్గరా, బండి లైసెన్సులు ఇచ్చినట్టు? ఎల్క్ దుప్పి వెనక మా తాత మూడు రోజులు మంచులో నడిచిన కథ ఆ కిటికీ అవతల పిల్ల చెబుతుందా?"

"నేను పిటిషను వెనక్కి తీసుకుంటాను."

లోపల కుర్చీ జరిపిన చప్పుడు, తడుముకుంటూ నడిచిన చప్పుడు వినపడ్డాయి. రోండా తలుపుకు నుదురు ఆనించి ఏడ్చింది. తప్పు చేశాను, కన్నతండ్రి పరువు బజారున పెట్టాను అని లోలోపలే కుళ్లిపోయింది. ఒకటే ఆశ. విచారణ పన్నెండో తారీకు. శిబిరం ఇరవై రెండున. కేసు కొట్టేస్తే మూడు రోజుల్లో తుపాకులు ఇంటికొస్తాయి. ఎడమకన్ను అప్పటిదాకా ఆగితే చాలు, ఆ మనిషి తన చేత్తో పంచుకుంటాడు.

పన్నెండున కోర్టు మెట్ల మీద ఆ చట్టం వద్దనే టోపీలవాళ్లు, జెండాలవాళ్లు ఓ ఇరవైమంది చేరారు. వెండెల్‌ని చూసి చప్పట్లు కొట్టారు. ఆయన చేత్తో ఆపమన్నాడు. పక్కన కోర్టువారు ఇచ్చిన లాయరు, బెనవిడెస్ అని కుర్రపిల్ల, చురుకైనది. లోపలికెళ్లే ముందు ఆయన చెవిలో అంటుంటే రోండాకి వినపడింది. "జడ్జిగారు అడిగితే లేదు అనండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

ముందు రోండా నిలబడింది. శిబిరం ఆచారం తనకు తెలియదని చెప్పింది. కంటి డాక్టరు కాగితం చూపించింది. "నాదే తప్పండీ. మా నాన్నకి ఏమీ లేదు. నేనే భయపడి ఆయన్ని నలుగురిలో అవమానించాను. కేసు వద్దు, దయచేసి కొట్టేయండి" అని భోరుమంది. వెనక బెంచీల్లో ఎవరో ముక్కు చీదారు.

బెనవిడెస్ పది నిమిషాలు మాట్లాడింది. నేరం లేదు, బెదిరింపు లేదు, తాగుడు లేదు. తన ఆస్తి తన మనుషులకు పంచుకునే ముసలాయన ఇంటికి, ఆయన్ని ఒక్క మాట అడక్కుండా, ముగ్గురు సాయుధుల్ని పంపారు అంది. జడ్జి తలూపింది. కాగితం దగ్గరికి లాక్కుంది. అంతా అయిపోయినట్టే.

"ముగించే ముందు ఒక్కటి అడగడం నా విధి" అంది జడ్జి. "వెండెల్ గారూ, మీ ప్రాణం మీరు తీసుకోవాలన్న ఆలోచన మీకు ఉందా?"

వెండెల్ లేచాడు. కూతురు ఏడుస్తున్న వైపు తల తిప్పాడు.

"ఇందాక నాతో ప్రమాణం చేయించారు కదూ?"

"చేయించాం."

"అయితే ఉంది."

బెనవిడెస్ గభాల్న లేచింది. "ఒక్క నిమిషం అమ్మా, నా క్లయింటుతో..."

"కూర్చో తల్లీ. నీ పని నువ్వు బాగా చేశావు" అన్నాడు వెండెల్. తర్వాత జడ్జి గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "బిళ్లలు శిబిరం కోసమే కట్టాను. అది నిజం. శిబిరం అయ్యాక ఏం చేస్తానో నాకే తెలీదు. ఇదీ నిజమే. ఎనిమిదేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ ఆలోచనతోనే లేస్తున్నాను. మా అబ్బాయి పోయిన రోజు పొద్దున నా దగ్గరికొచ్చాడండీ. నాన్నా, నా బుర్ర బాగాలేదు, తుపాకులు కొన్నాళ్లు మావిస్ వాళ్లింట్లో పెట్టు అన్నాడు."

వెండెల్ ముందున్న బల్ల అంచు పట్టుకున్నాడు.

"నేను నవ్వాను. వేట రేపు మొదలవుతుంటే తుపాకులు ఊళ్లోవాళ్లకి అప్పగిస్తారా, నలుగురూ ఏమనుకుంటారు, వెళ్లి గడ్డి తోలు, అదే తగ్గిపోతుంది అన్నాను. రైఫిలు పికప్‌లో ఉంది. తోడేళ్ల బెడదని నేనే పెట్టాను. వాడు సరే నాన్నా అని వెళ్లాడు. ఈ మాట వాళ్లమ్మకి కూడా చెప్పలేదు."

రోండా ఏడుస్తూనే తలెత్తి తండ్రిని చూసింది.

"నా కూతురు అక్కడ తప్పు చేశానని ఏడుస్తోంది. దాని మొహం నాకు కనపడదు, గొంతు వినపడుతోంది. నేను లేదన్నాననుకోండి, తుపాకులు నాకొస్తాయి, ఆ తప్పు దాని నెత్తిన ఉండిపోతుంది. అది తప్పు చేయలేదు. కొడుకు నోరు విడిచి అడిగినా నేను చేయని పని, ఎవరూ అడక్కుండానే అది చేసింది." కాస్త ఆగాడు. "కానీ ఒక మాట రాసుకోండి జడ్జిగారూ. తుపాకులు తీసుకెళ్లే ముందు నన్నెవరూ అడగలేదు. డెబ్బై నాలుగేళ్లు ఈ లోయలో బతికాను. మా వాడితో నా బల్ల దగ్గర అన్నం తిన్న పిల్లాడు తూటాల చొక్కా వేసుకుని నా ఇంటికొచ్చాడు. అది కూడా రాసుకోండి."

"రాస్తున్నాను" అంది జడ్జి. నిజంగానే రాసింది. తర్వాత ఏడాదికి ఒక్క రోజు తక్కువగా ఉత్తర్వు పొడిగించింది.

మెట్ల మీద టోపీలవాళ్లు దారిచ్చారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ మొహాలు చూసుకోలేదు.

ఆయన బండి నడపలేడు కాబట్టి రోండా పికప్‌లోనే ఎక్కాడు. ఊరు దాటాక రోండా అడిగింది.

"ఎందుకు చెప్పావు నాన్నా? లేదంటే మూడు రోజుల్లో ఇంటికొచ్చేవిగా."

"వచ్చాక?"

రోండా గేరు మార్చింది.

"నువ్వు నన్ను అడగాల్సింది" అన్నాడు.

"అడిగితే చెప్పేవాడివా?"

నది మీద వంతెన దాటాక వెండెల్ అన్నాడు.

"చెప్పేవాణ్ణి కాదు. నవ్వేవాణ్ణి."

"నువ్వు పోతే నేనేమైపోతానో అనుకోలేదా?"

"అనుకున్నాను. కొన్నాళ్లు ఏడ్చి సర్దుకుంటావనుకున్నాను."

రోండా బండి పక్కకు లాగి ఆపేసింది. "సర్దుకోవడమా?" అని అరిచింది. "ట్రాయ్ పోయాక సర్దుకున్నానా నేను? వాడు నా దగ్గరికీ వచ్చాడు నాన్నా. జీను తెచ్చిచ్చి వెళ్లాడు. నేను మొహం చూడకుండా జీను చూసి మురిసిపోయాను. ఎనిమిదేళ్లయింది, ఏది సర్దుకుంది?" స్టీరింగు మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాకు చెప్పలేదేం?" అన్నాడు చివరికి.

"నువ్వు చెప్పావా?"

తండ్రికి ఇటు చెయ్యి, కూతురికి అటు చెయ్యి చాచాలని ఉంది. ఇద్దరూ చాచలేదు. ఆ లోయ మనుషులు అంతే, ఏం చేస్తాం!

ఇంటి ముందు దిగేటప్పుడు రోండా "మా ఇంటికొచ్చి ఉండు నాన్నా" అంది.

"రాను. నువ్వు తప్పు చేయలేదన్నాను గానీ కోపం పోయిందనలేదు. లైల్ నోట నీ పేరు విన్నాను. అది పోవడానికి ఏడాది పడుతుందేమో."

"అయితే ఏడాది ఉంటావా?"

వెండెల్ తలుపు మీద చెయ్యేసి ఆగిపోయాడు. అబద్ధం చెబితే సరిపోయేది. అందరు తండ్రులూ అదే చెబుతారు.

"ఏడాదికి మాటివ్వలేను" అన్నాడు. "రేపు పొద్దున వచ్చి అడుగు. రేపటి సంగతి చెబుతాను."

మర్నాడు బస్సు తీయబోయే ముందు రోండా వెళ్లింది. గడియ లేదు. వంటింట్లో కూర్చుని ఉన్నాడు. "ఉంటావా నాన్నా?" అంది. "ఇవాళ్టికి ఉంటాను" అన్నాడు. ఆ మర్నాడూ వెళ్లింది, ఆ పై రోజూ వెళ్లింది. ఎప్పుడూ అదే ప్రశ్న, అదే జవాబు. కాఫీ ఇచ్చేవాడు కాదు, కూర్చోమనేవాడు కాదు.

ఇరవై రెండున తెల్లవారగానే మగవాళ్ల బళ్లన్నీ ఆ ఇంటి ముందు నుంచే శిబిరానికి వెళ్లాయి. ఒక్కో బండి చప్పుడుకూ వెండెల్ తల అటు తిరిగింది. చివరి బండి వెళ్లిపోయాక రోండా రోజూ అడిగేదే అడిగింది.

ఆయన మాట్లాడలేదు. ఆమె మళ్లీ అడగలేదు, కదల్లేదు. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని మొదటిసారి కూర్చుంది. లోయ పొడుగునా పిల్లలు సంచులు తగిలించుకుని రోడ్ల చివర నిలబడ్డారు. "ఉంటాను" అని ఆయన అనేసరికి బస్సు నలభై నిమిషాలు ఆలస్యమైంది.